చిత్తులో కొట్టేసిన తొమ్మిది లక్షలు

జీలుగుపాడులో ఏ ఇంటికైనా రెండు ధరలుంటాయి. ఒకటి నోటి ధర. అది మూడు రోడ్ల సెంటర్లో టీ కొట్టు దగ్గర పుట్టి పూటపూటకీ పెరుగుతుంది. అమ్మినవాడు గొప్పకి ఒక లక్ష కలిపి చెబుతాడు, కొన్నవాడు పరువుకి ఇంకో యాభై వేలు కలుపుతాడు. రెండోది కాగితం ధర. అది సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పక్కనున్న రేకుల షెడ్డులో, వెంకటప్పయ్య కలం కింద పుడుతుంది. నెలలు నిండని బిడ్డలా పుట్టి, అలాగే ఉండిపోతుంది. నోటితో పెంచడం, కలంతో తగ్గించడం, ఈ రెండు విద్యల్లో మా వైపు వాళ్లను మించినవాళ్లు లేరని ఒట్టేసి చెప్పగలను.

వెంకటప్పయ్య దస్తావేజుల రైటరు. అరవై ఆరేళ్ల మనిషి, బక్కపలచన, చెవి మీద ఎప్పుడూ ఒక నీలం పెన్ను. ఆయన తాత మిరప వేయడానికి భూములు చవకని విని కృష్ణా వైపు నుంచి రెండెడ్ల బండి కట్టుకుని వచ్చాడు. తండ్రి హయాంలో ఆ భూమి సగమైంది, అన్నదమ్ముల పంపకాల్లో మిగిలిన సగమూ ముక్కలైంది. ఇంటర్మీడియట్ తప్పిన వెంకటప్పయ్యకు మంచి చేతిరాత ఒక్కటే ఆస్తిగా దక్కింది. దాన్ని పట్టుకుని ఆ షెడ్డులో కూర్చున్నవాడు ముప్ఫై ఎనిమిదేళ్లయినా లేవలేదు.

ఇప్పుడన్నీ కంప్యూటర్లే. పక్క కుర్చీలో నాగలత అనే అమ్మాయి టకటకా టైపు కొడుతుంది, ఆన్‌లైన్లో స్లాటు తీస్తుంది. అయినా ముందుగా చిత్తు మాత్రం వెంకటప్పయ్యే తెల్ల కాగితం మీద చేత్తో రాయాలి. తూర్పు ఎవరిది, పడమర ఏముంది, అమ్మేవాడికి అక్కచెల్లెళ్లున్నారా, వాళ్లు సంతకానికి వచ్చారా, ఇవన్నీ ఆయన అడిగినట్టు కంప్యూటరు అడగదు. ఆయన రాసిన దస్తావేజు మీద కోర్టు కేసు పడిన దాఖలా ఒక్కటి లేదు. ఆ మాట తలుచుకుంటే చాలు, ఆయనకు పూటకి సరిపడా భోజనం చేసినట్టుండేది.

చిత్తు కాగితాలను పారేయడు. సంవత్సరం వారీగా బియ్యం సంచుల్లో కట్టి అటక మీద పడేస్తాడు. "బియ్యం ఉండాల్సిన సంచుల్లో చెత్త పెట్టుకున్న సంసారం మనదొక్కటే" అని భార్య పద్మావతమ్మ ఏడాదికోసారి దులుపుతూ సణుగుతుంది. అంతకుమించి ఆ ఇంట్లో గొడవలేవీ లేవు.

ఇక ఆయన అసలు పేరు ప్రతిష్ఠలు దేని మీద నిలబడ్డాయంటే, సర్కారుకు ఒక్క రూపాయి ఎక్కువ కట్టనివ్వకపోవడం మీద. ప్రతి ఊళ్లో స్థలానికి గజం ఇంత అని ప్రభుత్వం ఒక ధర కట్టి పెడుతుంది. దాన్ని గవర్నమెంటు వాల్యూ అంటారు. దస్తావేజులో అంతకన్నా తక్కువ రాయడానికి వీల్లేదు. ఎక్కువ రాస్తే స్టాంపులకూ ఫీజులకూ ఎక్కువ కట్టాలి. అందుకని పదిహేను వేలకు కొన్న గజాన్ని కూడా పదిహేను వందలని రాయడం ఊరి ఆచారమైపోయింది. ఇది తప్పని ఎవరూ అనుకోలేదు. పెళ్లిలో తలంబ్రాలు పోసినంత సహజంగా జరిగిపోయేది. బ్యాంకు లోను కావాలనుకున్న రోజున మాత్రం అదే మనుషులు వచ్చి "కొంచెం పెంచి రాయరాదా" అని తల గోక్కునేవారు. అప్పుడు వెంకటప్పయ్య కళ్లజోడు పైనుంచి చూసి, "రాసింది రాసిందే. కాగితం పంచె కాదయ్యా, అవసరమైనప్పుడు దించుకోవడానికి, ఎగగట్టుకోవడానికి" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు.

చండ్రుగొండ నుంచి దక్షిణంగా వస్తుంటే అడవి వెనక్కి తగ్గి, మామిడి తోటలు, పామాయిల్ తోటలు మొదలయ్యే చోట ఉంటుంది జీలుగుపాడు. ఊరి పక్కన వాగు. వాగు అవతల ఏజెన్సీ. అక్కడి నేలను గిరిజనులు గిరిజనులకే అమ్మాలి, బయటివాళ్లకు రిజిస్ట్రేషన్ కాదు. వాగు ఇవతల ఎవరికైనా అవుతుంది. అందుకే ఇవతల గజం జాగాకు కూడా అంత గిరాకీ.

పూలి వాగు అవతలి తండా మనిషి. భర్త లాలు మణుగూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర బొగ్గు టిప్పరు నడిపేవాడు. ఒక వానాకాలం మలుపులో టిప్పరు బోల్తా పడి పోయాడు. నష్టపరిహారం జీతాన్ని పట్టి కడతారు. లాలుకు నెలకు చేతికొచ్చేది పద్దెనిమిది వేలు. కాంట్రాక్టరు తన లెక్కలు తేలికగా ఉండాలని కాగితం మీద ఎనిమిది వేలని రాయించాడు. మనిషి పోయాక ఆ ఎనిమిదినే పట్టుకున్నారు. ఎన్ని ఆఫీసుల మెట్లెక్కినా, ఎంతమంది తోటి డ్రైవర్లు సాక్ష్యం చెప్పినా, ఆ ఎనిమిది తొమ్మిది కాలేదు.

వచ్చిన పరిహారానికి రెండు బర్రెలు, తన వెండి సొమ్ములు అమ్మిన డబ్బు కలుపుకుని పూలి జీలుగుపాడు మూడు రోడ్ల మూల మీద అరవై గజాల జాగా, దాని మీదున్న రెండు గదుల రేకుల ఇల్లు బేరమాడింది. తొమ్మిది లక్షలు. ముందు గదిలో జొన్నరొట్టెల హోటలు, వెనక గదిలో కాపురం, ఖమ్మంలో నర్సింగ్ చదివే కూతురు సోనికి నెలనెలా ఫీజు. అదీ ఆమె లెక్క. రెండేళ్ల కిందట ఒక బుధవారం అమ్మేవాణ్ణి వెంటబెట్టుకుని వెంకటప్పయ్య షెడ్డుకు వచ్చింది.

"ఎంత రాస్తున్నవ్ సారూ?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆ షెడ్డులో అంతకుముందు ఎవరూ అడగలేదు.

"ఎంత రాయాలో అంతే రాస్తాలే అమ్మా."

"గట్ల కాదు. నేనిచ్చేది తొమ్మిది లచ్చలు. గదే రాయి."

ఆమె పంతం చూసి సరేనని వెంకటప్పయ్య చిత్తులో రాశాడు. "క్రయ ప్రతిఫలం రూ. 9,00,000, అక్షరాలా తొమ్మిది లక్షల రూపాయలు." రాశాక చెయ్యి ఆగింది. కలం మూత పెట్టి, కన్నకూతురికి చెప్పినట్టు చెప్పాడు.

"చూడు పూలీ, ఇట్లా రాస్తే స్టాంపులకీ ఫీజులకీ అరవై ఏడు వేల చిల్లర కట్టాలి. గవర్నమెంటు వాల్యూ నేలకీ ఇంటికీ కలిపి లక్షా ముప్ఫై వేలే. అది రాస్తే పదివేలలోపు పోద్ది. యాభై ఏడు వేలు మిగిలితే నీ పిల్ల ఫీజుకొస్తయ్ గదా?"

"కాగితంల తక్కువుంటే తర్వాత తక్కువనే అయితది సారూ. మా ఆయనకు గట్లనే అయింది. ఎనిమిదని రాసిండ్రు, ఎనిమిదికే కట్టిండ్రు. నాకు భయం."

వెంకటప్పయ్య నవ్వాడు. ఎగతాళిగా కాదు, తెలిసినవాడు తెలియనివాళ్లను చూసి నవ్వినట్టు. "పిచ్చిదానా, ఉద్యోగం వేరు, ఇల్లు వేరు. మనిషి పోతాడు గానీ ఇల్లు పోద్దా? మూల మీద జాగా, నువ్వు అమ్ముకోనంతవరకు దాన్ని ఎవడు కదిలిస్తాడు?"

షెడ్డులో ఉన్న నలుగురూ అవునంటే అవునన్నారు. అమ్మేవాడు కూడా "పెద్దాయన చెప్తుండు గద చెల్లే" అన్నాడు. ఒక్క మనిషి ఎంతసేపని నిలబడుతుంది? పూలి తల వంచింది. వెంకటప్పయ్య తొమ్మిది లక్షల మీద అడ్డంగా ఒక గీత గీశాడు. పైన లక్షా ముప్ఫై వేలని రాశాడు. నాగలత టైపు కొట్టింది.

మిగిలిన యాభై ఏడు వేలతో పూలి ఇంటి ముందు రేకుల పందిరి వేసి, నల్ల గ్రానైటు అరుగు కట్టించింది. పామాయిల్ గెలల లారీలు ఆగడం మొదలైంది. రొట్టె, పచ్చిమిర్చి తొక్కు, ఉల్లిగడ్డ. పొద్దున పదింటికల్లా పిండి అయిపోయేది. మంగళవారం మంగళవారం వెంకటప్పయ్యకు నాలుగు రొట్టెలు కాగితంలో చుట్టి పంపేది. పైసలిస్తే తీసుకునేది కాదు. "నువ్వు చెప్పినట్టే మంచిగైంది సారూ" అనేది. ఆయన ఆ రొట్టెలు తింటూ, నలుగురిలో ఆ కథ చెప్పుకునేవాడు. దాదాపు అరవై వేలు సర్కారు పాలు కాకుండా ఆపిన కథ.

నిరుడు ఎండాకాలంలో కొత్త రోడ్డు కోసం పొలాల గట్ల మీద ఎర్రరంగు వేసిన రాళ్లు నాటారు. మూడు రోడ్ల సెంటరు మొత్తం అందులో పోతుందని తెలిసిన రోజున జీలుగుపాడు ఏడవలేదు. పండగ చేసుకుంది! గజానికి ఇరవై వేలు పరిహారమని టీ కొట్టు తేల్చేసింది. ఒకాయన కారు బుక్ చేయడానికి ఖమ్మం పోయొచ్చాడు. వెంకటప్పయ్య ఇల్లు వెనక వీధిలో ఉండటంతో రోడ్డు గీతకు బయట మిగిలిపోయింది. "అయ్యో, రైటరు గారికి అదృష్టం లేదు" అని జాలిపడ్డారు. ఆయనా కాస్త నొచ్చుకున్నాడు, నిజం చెప్పొద్దూ.

కొలతలకు ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. మంచివాడే. పూలి ఇంటి పొడవు, వెడల్పు టేపు పెట్టి కొలిచాడు. గోడ తట్టి చూశాడు. "ఎప్పుడు కట్టిందమ్మా?" అని అడిగాడు. ఇరవై రెండేళ్లని చెప్పింది. ఏటా నూటికి ఇంత చొప్పున తరుగు తీసేశాడు. ముందు పందిరి తాత్కాలిక కట్టడమన్నాడు. గ్రానైటు అరుగు ఊడదీసి తీసుకుపోవచ్చు కాబట్టి లెక్కలోకి రాదన్నాడు.

"మూడు రోడ్ల మూల అని రాసుకోండ్రి సారూ. బ్యారం అంతా దాంతోనే ఉన్నది" అంది పూలి.

ఇంజనీరు ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "దానికి ఇందులో గడి లేదమ్మా" అన్నాడు. రెండు రొట్టెలు తిని, వద్దన్నా డబ్బులిచ్చి వెళ్లాడు.

దసరా దాటాక నోటీసులొచ్చాయి. పూలి తన నోటీసును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని షెడ్డుకు వచ్చింది. మంగళవారం కాకపోయినా చేతిలో రొట్టెల పొట్లం ఉంది.

"ఎంతొచ్చింది సారూ? చదువు."

వెంకటప్పయ్య కళ్లజోడు తుడుచుకుని చదివాడు. మొదటి పేజీ చివర అంకె ఉంది. మళ్లీ చదివాడు. నేల, ఇల్లు, పైన చట్టం ఇచ్చే రెట్టింపు, అన్నీ కలిపి మూడు లక్షల నలభై రెండు వేలు.

"చెప్పు సారూ, ఏందట్ల చూస్తున్నవ్?"

"ఉండమ్మా... లెక్క చూస్తున్నా."

లెక్క చూడాల్సింది ఏమీ లేదు. ఇంటికి విలువ కట్టేటప్పుడు నేలను వేరుగా, కట్టడాన్ని వేరుగా చూస్తారని ఆయనకు తెలుసు. కట్టడం ఏటేటా అరుగుతుంది, నేల ఏటేటా పెరుగుతుంది. ఇరవై రెండేళ్ల రేకుల ఇంటికి ఏమీ రాదని ఆయన ముందే అనుకున్నాడు. ఆశంతా నేల మీదే. నేల ధర ఎలా కట్టారో రెండో పేజీలో ఉంది. గత మూడేళ్లలో ఈ ఊళ్లో రిజిస్టరైన దస్తావేజులన్నీ తీసి, వాటిలో ఎక్కువ ధర పలికిన సగాన్ని పట్టుకుని సగటు కట్టారు. న్యాయమైన పద్ధతే. ప్రజలకు మేలు జరగాలని పెట్టిందే. కాకపోతే ఎక్కువలో ఎక్కువ కూడా వెంకటప్పయ్య రాసిందే కదా!

మూడో పేజీలో ఆ దస్తావేజుల నెంబర్లున్నాయి. మొత్తం నలభై ఒకటి. వేలు పెట్టి ఒక్కొక్కటీ చదువుతూ పోయాడు. ఒక్కో నెంబరు వెనక ఒక్కో మొహం కనబడింది. ఇది కూతురి పెళ్లికి అమ్ముకున్న సువర్ణమ్మ స్థలం. ఇది అన్నదమ్ముల వాటా. ఇది కిరాణా కొట్టు. నలభై ఒకటిలో ముప్ఫై ఎనిమిది తన చేతివే. ముప్ఫై ఎనిమిదేళ్ల గౌరవం ఆ పేజీ మీద వరసగా నిలబడి ఆయన్నే చూస్తోంది.

పూలికి చెప్పాడు. దాచకుండా, మెల్లగా చెప్పాడు. ఆమె, "అయితే కాగితంల ఉన్నదే పట్టిండ్రా?" అని మాత్రం అడిగింది.

"అవునమ్మా."

"గదే అనుకున్న" అంది. పొట్లం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆరోజు ఆ రొట్టెలు ఎవరూ తినలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లగానే వెంకటప్పయ్య నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. మూడేళ్ల సంచులు కిందికి దించి నడవలో బోర్లించాడు. ఒక్కటి, ఒకే ఒక్కటి, ఆ జాబితాలో చేరకుండా పోయినది, ఉన్న ధర ఉన్నట్టు రాసిన దస్తావేజు దొరికితే చాలు. ఒక్కదానితో సగటు కదులుతుంది, అలాంటి నాలుగు ఉంటే ఎగబాకుతుంది, ఊరంతా బయటపడుతుంది. పద్మావతమ్మ గొణక్కుండా వచ్చి పక్కన కూర్చుని కాగితాలు అందించసాగింది. రెండు రోజులు వెతికారు. మూడో రోజు పొద్దున ఆమె ఒక కాగితం చేతికిచ్చింది.

"ఇదిగో, ఇందులో తొమ్మిది లక్షలని ఉంది చూడండి."

ఉంది. మీద అడ్డంగా నీలం గీత కూడా ఉంది. కింద "పూలి" అని బెదురుతూ రాసిన రెండక్షరాలు. మూడేళ్ల చిత్తుల్లో నిజం రాయమని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆ నిజాన్ని కొట్టేసింది తానే.

"ఇంక వెతక్కు" అన్నాడు భార్యతో. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అంటారే, ఆ మందేసిన చెయ్యి తనది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని నడవలో కాగితాల మధ్య కూర్చుని ఏడ్చాడు. పద్మావతమ్మ, "మీరేం దొంగతనం చేశారా? ఆమె మంచికే గదా చెప్పారు" అంది. "దొంగతనం చేసుంటే తిరిగి ఇచ్చేసేవాణ్ణే" అన్నాడాయన.

అభ్యంతరాలు చెప్పుకునే రోజున భూసేకరణ ఆఫీసుకు అందరికంటే ముందు వెళ్లింది, ఇల్లు పోని వెంకటప్పయ్యే. చంకలో చిత్తుల సంచి. పక్కన పూలి. అధికారిణి పేరు నిర్మలాదేవి. పెద్దాయన కదా అని కుర్చీ వేయించి, మంచినీళ్లిప్పించి, చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. చిత్తు కాగితాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది.

"మీ మాట నేను నమ్ముతున్నానండీ" అంది. "ఈ చుట్టుపక్కల గజం ఎంత పలుకుతోందో నాకూ తెలుసు. నేనూ ఇల్లు కొనుక్కున్నదాన్నే. కానీ ఇది చిత్తు. ముద్ర లేదు, నెంబరు లేదు. దీని మీద నేనేం రాయగలను?"

"నేను రాసిస్తా మేడం. ఆ ముప్ఫై ఎనిమిదీ తగ్గించి రాసినవేనని నా చేత్తో, నా సంతకంతో రాసిస్తా. నన్నేం చేసినా సరే."

ఆమె చిత్తును తిరిగి ఆయన ముందుకు జరిపింది. "మీరొక్కరితో పోదు కదండీ. ధర దాచి తక్కువ స్టాంపు కట్టారని మీరే రాసిస్తే, ఆ ముప్ఫై ఎనిమిది ఇళ్లకూ నోటీసులు పోతాయి. తగ్గిన స్టాంపూ, దాని మీద జరిమానా కట్టమంటారు. ఈమె కూడా కట్టాలి. అయినా ధర పెరుగుతుందని చెప్పలేను. పైకి అప్పీలు చేసుకోవచ్చు, అది మీ హక్కు. ఏళ్లు పడుతుంది. అక్కడ కూడా ముందు అడిగేది రిజిస్టరైన కాగితమే."

తిట్టి ఉంటే బాగుండేది. లంచం అడిగినా దారి తోచేది. తప్పు లేని మనిషి మర్యాదగా తలుపు మూస్తే ఎవరి మీద కోప్పడాలి? వెంకటప్పయ్య రాసుకొచ్చిన వాంగ్మూలం జేబులోనే ఉండిపోయింది.

బయట వేపచెట్టు కింద ఊరివాళ్లు కాచుకుని ఉన్నారు. కారు బుక్ చేసొచ్చినాయనే ముందుకొచ్చాడు.

"ఏంది రైటర్ సాబ్, మేమంతా తప్పుడు కాగితాలు రాయించుకున్నమని చెప్పొచ్చినవా లోపల? ఉన్నది గుంజుకునుడే గాక జరిమానాలు గూడ పడాల్నా? నీ ఇల్లు పోలేదుగా, నీకేంది!"

"రాసిచ్చిండా, రాసిచ్చిండా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. తక్కువ రాయమని ఇదే షెడ్డులో ఆయన గడ్డం పట్టుకుని బతిమాలిన గొంతే అది.

"ఏం రాసియ్యలే" అంది పూలి. "జరగుండ్రి, ముసలాయనకు ఎండ తగుల్తంది."

బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పామాయిల్ తోటలు వెనక్కి పోతున్నాయి. వెంకటప్పయ్య "అప్పీలు చేద్దామా అమ్మా?" అన్నాడు.

"లాలు కోసం నాలుగేండ్లు తిరిగిన సారూ. చెప్పులరిగినయ్ గని ఎనిమిది ఎనిమిదే ఉన్నది. ఇంక తిరగ. వచ్చే నెలల సోని ఫీజు కట్టాలె." మళ్లీ తనే అంది. "మనిషికి గింత, ఇంటికి గింత అని వాళ్లే కట్టిరి. రెండు సార్లు నాకు ఎరుకే. రెండు సార్లు నా మాట ఎవరు ఇన్లే."

నిందించినట్టు అనలేదు. వాన పడిందన్నట్టు అంది. వెంకటప్పయ్య కిటికీ వైపు తిరిగిపోయాడు.

పూలికి వచ్చే ఆ డబ్బుకు వాగు ఇవతల పది గజాలు కూడా రావని వారంలోనే తేలిపోయింది. రోడ్డు వస్తుందని మిగిలిన జాగాల ధర రెండింతలు చేశారు మరి. టీ కొట్టు పెంచుతూ పోయిన ధర ఈసారి నిజమైంది, కొనేవాళ్లకు మాత్రమే. తండాలో తమ్ముడు బలరాం ఇంటి పక్కన ఒక గుడిసె వేసుకుంటానంది. అక్కడ రొట్టెలు ఎవరు కొంటారని వెంకటప్పయ్య అడగలేదు. అక్కడ ఎవరి పొయ్యి మీద రొట్టెలు వాళ్లే కాల్చుకుంటారు.

డబ్బు ఖాతాలో పడాలంటే ముందు సమ్మతి పత్రం, రసీదు ఇవ్వాలి. పూలి మళ్లీ ఆ షెడ్డుకే వచ్చింది. ఇంకెవరైనా రాస్తారని, అదే బజారులో మరో ఇద్దరు రైటర్లున్నారని వెంకటప్పయ్యే చెప్పాడు.

"నువ్వే రాయి సారూ. ఈసారన్న ఉన్నది ఉన్నట్టు రాయి."

నాగలత టైపు చేస్తానని లేచింది. వద్దని సైగ చేశాడు. తెల్ల కాగితం తీసుకున్నాడు. చిత్తు లేదు, నేరుగా రాయడమే. తూర్పు రోడ్డు, పడమర సువర్ణమ్మ అమ్ముకున్న స్థలం గోడ, ఉత్తరం రోడ్డు, దక్షిణం సందు. వచ్చే ఎండాకాలానికి ఈ నాలుగు హద్దులూ ఉండవు. ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా, అనే దగ్గర కలం ఆగింది. ఆ మాట లేకపోతే కాగితం చెల్లదు. రాశాడు.

"ఎంత రాసినవ్?"

"మూడు లక్షల నలభై రెండు వేలు."

"చేతికొచ్చేది ఎంత?"

"అంతే అమ్మా. అక్షరాలా అంతే."

పూలి పెన్ను తీసుకుని, కాగితాన్ని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, తన రెండక్షరాలూ రాసింది. ఆరేదాకా ఊదింది. ఫీజు ఎంతని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది.

వెంకటప్పయ్య ఆ రసీదు నకలును బల్ల మీద పరిచి చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఎన్ని వేల కాగితాలు రాశాడో ఆయనకే తెలియదు. మీదున్న అంకె, చేతికొచ్చే అంకె ఒకటైన కాగితం ఇదొక్కటే.